చిన్న పెట్రోలు ఇంజనుల కార్బురేటరు – దానిని సరిచేయు పద్ధతి

రోలుగుంట మండలమున జీడిమామిడి పూతకు వచ్చు కాలము సాధారణముగా డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు. ఆ రోజులలో టీ దోమ లేత చిగుళ్ళను, పూత కొమ్మలను కుట్టి రసము పీల్చును. కుట్టిన చోట కొమ్మ నల్లబడి మాడిపోవును. మందు చల్లుటకు అదను కొద్ది రోజులు మాత్రమే. సరిగా అట్టి ఉదయమున స్ప్రేయరు త్రాడు ఎంత లాగినను ఇంజను పలుకకపోయిన యెడల, లేక పలికి పది నిమిషములకే ఆగిపోయిన యెడల, నష్టము మేస్త్రీకి ఇచ్చు కూలితో తీరదు. అది ఆ ఏటి గింజల దిగుబడిలో కనబడును.

ఇట్లు ఆగిన ఇంజనును చూడగానే మనలో చాలమంది మొదట చేయు పని స్క్రూడ్రైవరు తీసికొని కార్బురేటరు స్క్రూలను త్రిప్పుట. అది చివర చేయవలసిన పని. ఎందుచేత చివర చేయవలెనో, చేయునప్పుడు ఎట్లు చేయవలెనో ఈ వ్యాసమున వివరింపబడినది.

డీజిలు పంపుసెట్లకు, ట్రాక్టర్లకు, డీజిలు పవర్ టిల్లర్లకు కార్బురేటరు ఉండదు గనుక వానితో మనకిక్కడ పని లేదు. వీపున తగిలించుకొను పవర్ స్ప్రేయరు (దీనినే పల్లెలలో తైవాన్ స్ప్రేయరు అందురు), తోటలలో గడ్డి కోయు బ్రష్ కట్టరు, కలుపు తీయు చిన్న పవర్ వీడరు, పెట్రోలుతో నడచు నీటి పంపు, వీనికి కార్బురేటరు ఉండును. మోటారు సైకిళ్ళలో 2020 ఏప్రిల్ 1వ తేదీన బి.ఎస్.6 నియమము అమలుకు వచ్చిన తరువాత తయారైన వానికి దాదాపు అన్నిటికిని కార్బురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్షను పద్ధతి వచ్చినది. అయినను ఆర్ల పంచాయతీ కొండ గ్రామముల వైపు మట్టి బాటలపై జీడిపిక్కల బస్తాలు, రాగుల మూటలు దింపుచున్నవి ఎక్కువగా పాత మోటారు సైకిళ్ళే. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములలో పశువులను మళ్ళించుటకు రైతులు వాడు నాలుగు చక్రముల ఏ.టి.వి. బండ్లు చేయు పనిని ఇక్కడ ఈ పాత బండ్లు చేయుచున్నవి. 1970లో హోండా కంపెనీ మూడు చక్రములతోను, 1982లో సుజుకీ కంపెనీ నాలుగు చక్రములతోను అట్టి బండ్లను అమ్మకమునకు తెచ్చినప్పుడు వానిలో ఉన్నదియు ఈ కార్బురేటరే. కనుక దానిని సరిచేయు సూత్రము అక్కడను ఇక్కడను ఒక్కటే.

కార్బురేటరు చేయు పని

దోమల మందు కొట్టు పాతకాలపు ఫ్లిట్ పంపును చాలమంది ఎరుగుదురు. పిడిని త్రోసినప్పుడు గాలి ఒక సన్నని గొట్టము మూతిపై వేగముగా పోవును. వేగముగా పోవు గాలికి ఒత్తిడి తగ్గును. అందుచేత క్రింది డబ్బాలోని మందు గొట్టము వెంట పైకి లేచి తుంపురులుగా చెదరును. కార్బురేటరు చేయునదియు ఇదే. పిస్టను కదలునప్పుడు ఇంజను గాలిని పీల్చును. ఆ గాలి కార్బురేటరులోని ఇరుకు గొంతు గుండా పోవునప్పుడు, గొంతులో తెరచియున్న సన్నని ఇత్తడి రంధ్రము నుండి పెట్రోలు లేచి గాలిలో కలియును. ఆ రంధ్రముగల చిన్న బిళ్ళనే జెట్టు అందురు. క్రింద గిన్నెలో పెట్రోలు ఎల్లప్పుడు ఒకే మట్టమున నిలుచునట్లు ఫ్లోటు అను తేలు బుడ్డి కాపాడును. బ్రష్ కట్టరు వంటి, ఎటు వంచినను నడువవలసిన యంత్రములలో గిన్నెకు బదులు పలుచని రబ్బరు పొర ఉండును.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. లెక్క కట్టిన యెడల ఒక లీటరు పెట్రోలు మండుటకు ఇంచుమించు తొమ్మిది వేల లీటర్ల గాలి ఆ చిన్న గొంతు గుండా పోవలెనన్న మాట. దుమ్ము లేచు చేలలో గాలి ఫిల్టరునకు ఎంత పని యున్నదో దీనిని బట్టి ఊహించుకొనవచ్చును. బరువు లాగునప్పుడు పూర్తి బలము కావలెనన్న పెట్రోలు కొంచెము ఎక్కువ కావలెను. పన్నెండున్నర, పదమూడు పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు అన్నట్లు ఉండవలెను. పెట్రోలు ఎక్కువైన మిశ్రమమును చిక్కని మిశ్రమమనియు, తక్కువైన దానిని పలుచని మిశ్రమమనియు ఇక ముందు చెప్పుకొందము.

పలుచని మిశ్రమము చేయు మోసము

చిక్కని మిశ్రమము వలన కలుగు నష్టము కంటికి కనబడును. నల్లని పొగ వచ్చును, పెట్రోలు వాసన కొట్టును, ప్లగ్గుకు మసి పట్టును, ఇంజను మందముగా నడచును, పెట్రోలు ఖర్చు పెరుగును. రైతు జేబుకు చిల్లు పడును గాని ఇంజను బ్రతికియుండును.

పలుచని మిశ్రమము అట్లు కాదు. స్క్రూను కొంచెము బిగించి పెట్రోలును తగ్గించిన వెంటనే బరువు లేని ఇంజను ఎంతో హుషారుగా మారును. చప్పుడు సన్నబడి కేక పెట్టినట్లుండును. "మేస్త్రీగారూ, ఇప్పుడు బాగుంది, ఇంకొంచెం పెట్టండి" అని యజమానియే చెప్పును. చెవికి ఇంపుగా నున్న ఈ వేగమే ఇంజనుకు ప్రమాదము. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిలు పెట్రోలుతోనే కలిసి పోవును గదా! పెట్రోలు తగ్గినప్పుడు దానితోపాటు ఆయిలు కూడ తగ్గును. ఒక వైపు వేడి పెరుగును, మరియొక వైపు జిడ్డు తగ్గును. ఎండలో అరగంట పూర్తి వేగమున నడచిన పిమ్మట పిస్టను ఉబ్బి సిలిండరు గోడను గీచి బిగిసిపోవును. అప్పుడు పిస్టను, రింగులు, ఒక్కొక్కప్పుడు సిలిండరు కూడ మార్పవలసి వచ్చును. చవుక యంత్రములకైన ఆ ఖర్చుతో యంత్రము వెలలో పెద్ద భాగము పోవును. ఆదా అయిన పెట్రోలు గ్లాసెడు ఉండునో లేదో!

పలుచదనమును గుర్తించుట కష్టము కాదు. థ్రాటిల్ తెరువగానే ఇంజను ఒక క్షణము తడబడును. కార్బురేటరు వైపు టప్పుమని దగ్గును. థ్రాటిల్ మూసినను వేగము వెంటనే దిగక కొంతసేపు నిలుచును. ఒకే వేగమున నిలువక ఎక్కుచు దిగుచు ఊగును. నమ్మకమైన పరీక్ష మరియొకటి కలదు. వేడెక్కిన ఇంజను పని చేయుచుండగా చోకును కొంచెము మాత్రము మూసి చూడుడు. బలము పుంజుకొన్న యెడల మిశ్రమము పలుచగా ఉన్నదని అర్థము. ఇంకను మందగించిన యెడల మిశ్రమము సరిగా గాని చిక్కగా గాని ఉన్నది.

ప్లగ్గు కూడ సాక్ష్యము చెప్పును. ఇంజనును బరువుపై కొన్ని నిమిషములు పూర్తి వేగమున నడిపి, థ్రాటిల్ నెమ్మదిగా దింపక అదే వేగమున స్విచ్చి ఆపి, చల్లారిన తరువాత ప్లగ్గు విప్పి చూడవలెను. పింగాణి కొన లేత ఇటుక రంగున గాని కాఫీపొడి రంగున గాని ఉన్న యెడల మిశ్రమము సరియైనది. నల్లని పొడి మసి చిక్కదనమునకు గుర్తు. తెల్లగా సున్నము రాసినట్లున్న, ఆ ఇంజనును సరిచేయకుండ తిరిగి చేనికి తీసికొనిపోరాదు.

స్క్రూ ముట్టుటకు ముందు

బాగుగా నడచుచుండిన ఇంజను ఒకనాడు హఠాత్తుగా చెడిన యెడల దాని కారణము స్క్రూలో ఉండుట అరుదు. స్క్రూ తనంత తాను తిరుగదు. మరి యేది మారినది?

మొదట ట్యాంకు మూతను చూడవలెను. మూతలోని గాలి రంధ్రము మూసికొనిపోయిన, పెట్రోలు దిగుట ఆగి ఇంజను పది పదిహేను నిమిషములకు ఆగిపోవును. మూత వదులు చేయగానే మరల నడచును. ఇంత చిన్న దోషమునకు కార్బురేటరు మొత్తము విప్పుట కద్దు. తరువాత పెట్రోలు గొట్టము, అందులోని జాలి. ఆ తరువాత గాలి ఫిల్టరు. స్పాంజి ఫిల్టరును సబ్బు నీట కడిగి, ఆరబెట్టి, యంత్రము పుస్తకమున చెప్పిన యెడల కొంచెము ఆయిలు తడిపి పిండి పెట్టవలెను. కాగితపు ఫిల్టరును కడుగరాదు, తట్టి దులిపి, పాడైనప్పుడు మార్పవలెను. మట్టి పట్టిన ఫిల్టరు మిశ్రమమును చిక్కపరచును. కొందరు ఆ చిక్కదనమును స్క్రూతో సరిచేసి, పిదప ఫిల్టరు శుభ్రము చేయుదురు. అంతటితో మిశ్రమము ప్రమాదకరముగా పలుచబడును. ఫిల్టరు తీసివేసి నడుపువారును కలరు. ఆ రెండవ పని గురించి చెప్పవలసినది ఏమియు లేదు, సిలిండరే చెప్పును.

ప్లగ్గు నోటి ఖాళీ సాధారణముగా 0.6 నుండి 0.7 మిల్లీమీటర్లు. రెండు స్ట్రోకుల ఇంజనులో పొగగొట్టపు రంధ్రమునకు బొగ్గు పేరుకొని ఊపిరాడకుండుట కూడ సామాన్యమే. చివరగా కార్బురేటరుకు ఇంజనుకు నడుమనున్న అట్ట గాస్కెట్టును చూడవలెను. అది చినిగి అక్కడ గాలి చొరబడుచున్న యెడల ఏ స్క్రూ త్రిప్పినను మిశ్రమము నిలుకడగా ఉండదు.

ఇవన్నియు చూచిన తరువాతనే జెట్టులు విప్పవలెను. జెట్టు రంధ్రమున ఇనుప తీగను, సూదిని పెట్టి పొడుచుట కూడదు. ఇత్తడి మెత్తనిది, వెంట్రుక వాసి గీత పడినను రంధ్రము పెద్దదై లెక్క తప్పును. పెట్రోలులో గాని, కార్బురేటరు శుభ్రము చేయు ద్రావకములో గాని నానబెట్టి, గాలితో ఊదవలెను. గాలము వేయు సన్నని నైలాను దారము దూర్చిన చాలును. రబ్బరు పొర గల కార్బురేటరును మాత్రము పొర విప్పకుండ కంప్రెసరు గాలితో ఊదరాదు.

సరిచేయు విధానము

ఇంజనును అయిదు నిమిషములు నడిపి వేడి చేయవలెను. చల్లని ఇంజనుపై చేసిన సర్దుబాటు నిలువదు. మొదట పాత స్థానమును గుర్తుంచుకొనవలెను. స్క్రూను నెమ్మదిగా, బలము పెట్టక, ఎన్ని చుట్లకు అడుగు తగిలినదో లెక్కపెట్టుచు బిగించి, ఆ లెక్కను వ్రాసికొని, తిరిగి అన్ని చుట్లు వదులు చేయవలెను. అడుగున గట్టిగా బిగించిన స్క్రూ మొనయు, అది కూర్చుండు చోటును చెడిపోవును.

ఫ్లోటు గిన్నె గల కార్బురేటరులో రెండు స్క్రూలుండును. ఒకటి థ్రాటిల్‌ను ఆనుకొని వట్టి వేగమును పెంచును, తగ్గించును. రెండవది తక్కువ వేగమునకు కావలసిన మిశ్రమమును సరిచేయును. ఈ రెండవ స్క్రూ విషయములో ఒక చిక్కు కలదు. అది గాలి ఫిల్టరు వైపున ఉన్న యెడల గాలిని ఆపు స్క్రూ. దానిని లోనికి బిగించినకొలది గాలి తగ్గి మిశ్రమము చిక్కబడును. ఇంజను వైపున ఉన్న యెడల పెట్రోలును ఆపు స్క్రూ. బిగించినకొలది మిశ్రమము పలుచబడును. ఒక బండికి నేర్చిన పద్ధతిని మరియొక బండికి వర్తింపజేసినప్పుడు ఫలితము తలక్రిందులగుట ఇందువలననే.

చాలా ఇంజనులలో ఈ స్క్రూ అడుగు నుండి ఒకటి మొదలు రెండు చుట్లలోపు ఉండును. పావు చుట్టు చొప్పున త్రిప్పుచు, ప్రతి పర్యాయము కొన్ని క్షణములు ఆగి, ఇంజను వేగము అన్నిటికంటె హెచ్చుగను నిలుకడగను ఉన్న చోటు కనిపెట్టవలెను. అక్కడినుండి ఎనిమిదవ వంతు చుట్టు చిక్కదనము వైపు త్రిప్పి వదలవలెను. ఆ పిదప వేగపు స్క్రూతో నిలుకడ వేగమును దింపవలెను.

అయితే ఈ స్క్రూ ప్రభావము థ్రాటిల్ కొంచెము తెరచినంతవరకే. మోటారు సైకిలులో పావు నుండి ముప్పావు తెరపు వరకు మిశ్రమమును నిర్ణయించునది పైకి క్రిందికి కదలు సన్నని సూది. దాని తలనున్న క్లిప్పును ఒక గాడి క్రిందికి మార్చిన సూది పైకి లేచి మిశ్రమము చిక్కబడును. ముప్పావు నుండి పూర్తి తెరపు వరకు పెద్ద జెట్టుదే అధికారము. కనుక కొండ ఎక్కునప్పుడు పూర్తి థ్రాటిల్‌లో బలము చాలని బండికి క్రింది స్క్రూను ఎంత త్రిప్పినను ప్రయోజనము లేదు.

బ్రష్ కట్టరు వంటి రబ్బరు పొర కార్బురేటరులకు తక్కువ వేగమునకు ఒకటి, ఎక్కువ వేగమునకు ఒకటి స్క్రూలుండును. మొదట తక్కువ వేగపు దానిని సరిచేయవలెను. ఎక్కువ వేగపు స్క్రూను బిగించుచు గరిష్ఠ వేగము వరకు పోయి, అక్కడ నిలువక, చప్పుడు కొంచెము మొరటుగా మారువరకు వెనుకకు రావలెను. బరువు పడగానే ఆ మొరటుదనము పోయి ఇంజను నున్నగా లాగును. బరువు లేనప్పుడే నున్నగా కేక వేయు ఇంజను బరువుపై కాలిపోవును. ఇటీవలి యంత్రములలో ఈ స్క్రూలకు అడ్డు మూతలు బిగించి యుందురు, వానిని ఊడబెరుకరాదు. మరియొక ముఖ్య విషయము. థ్రాటిల్ వదలినప్పుడు బ్రష్ కట్టరు బ్లేడు తిరుగరాదు. తిరుగుచున్న యెడల నిలుకడ వేగము హెచ్చైనదని గాని, క్లచ్చి స్ప్రింగు తెగినదని గాని గ్రహించి పని ఆపవలెను. దీనిని నిర్లక్ష్యము చేసిన పాదములకు గాయములగును.

కొండ పైన, కొండ క్రింద

రోలుగుంట తూర్పు కనుమల పాదమున ఉన్నది. నర్సీపట్నము నుండి ఘాటు రోడ్డున పోయిన లంబసింగి సముద్రమట్టమునకు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున గలదు. ఆ ఎత్తున గాలి సాంద్రత ఇంచుమించు పదవ వంతు తగ్గును. పిస్టను పీల్చు గాలి పరిమాణము మారదు గాని అందులోని సరుకు తగ్గును. పెట్రోలు మాత్రము అంతగా తగ్గదు. అందుచేత ఇక్కడ సరిగా నున్న ఇంజను అక్కడ చిక్కబడి మసి కొట్టును. బలము కూడ పదవ వంతు పోవును. ఇందులో మిశ్రమము వలని భాగమును సరిచేయవచ్చును గాని, గాలి తగ్గుట వలన పోయిన బలమును ఏ స్క్రూయు తిరిగి తేలేదు.

పైకి పోయిన యంత్రము మందగించిన తొందరపడనక్కరలేదు. ఒకటి రెండు రోజుల పనికి అట్లే నడుపవచ్చును. పైననే ఉంచదలచిన యెడల ఒక సైజు చిన్న జెట్టు వేయవచ్చును. ప్రమాదమంతయు క్రిందికి దిగునప్పుడు. చింతపల్లి వైపున పలుచగా సరిచేసిన స్ప్రేయరును అద్దెకో, పాత సరుకుగానో తెచ్చి రోలుగుంట ఎండలో పూర్తి వేగమున నడిపిన యెడల, పైన సరియైన మిశ్రమము ఇచ్చట పలుచనిదగును. ఘాటు దిగిన ప్రతి యంత్రమునకు చోకు పరీక్ష, ప్లగ్గు పరీక్ష చేసిన తరువాతనే పనిలో పెట్టవలెను. చలికాలపు తెల్లవారుజామున గాలి చిక్కబడి మిశ్రమము కొంత పలుచబడుటయు ఇట్టిదే; కాని ఆ తేడా స్వల్పము. రోజూ స్క్రూ త్రిప్పవలసినంత కాదు.

చెరకు నుండి వచ్చిన మార్పు

చెరకు రైతులకు ఇథనాలు కొత్త మాట కాదు. చెరకు రసము, మడ్డి, ధాన్యముల నుండి తీయు ఈ సారాయమును పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు కలిపి అమ్ముట 2023 ఫిబ్రవరిలో ఆరంభమై 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలులో ప్రాణవాయువు ముందే కలిసి యుండును గనుక, పాత పెట్రోలుకు సరిచేసిన కార్బురేటరులో ఈ కొత్త పెట్రోలు కొంత పలుచని మిశ్రమము నిచ్చును. లీటరుకు వచ్చు వేడియు కొంత తక్కువ. పాత ఇంజనులకు ఎక్కువ వేగపు స్క్రూను కొంచెము వదులు చేయుట గాని, ఒక సైజు పెద్ద జెట్టు వేయుట గాని అవసరము కావచ్చును. ప్లగ్గు రంగును చూచి నిర్ణయింపవలెను.

ఇథనాలుకు నీటిని పీల్చు గుణము కలదు. వర్షాకాలమున సగము నిండిన ట్యాంకులో, డబ్బాలో నిలువయున్న పెట్రోలు తేమను పీల్చి, మోతాదు మించినప్పుడు నీరు, సారాయము కలిసి అడుగునకు దిగును. ఇంజను మొదట త్రాగునది ఆ అడుగు భాగమునే. ఇట్టి పెట్రోలుతో ఇంజను నడువకపోయినప్పుడు స్క్రూ త్రిప్పి లాభము లేదు. పారబోసి కొత్తది పోయవలెను. పాతకాలపు రబ్బరు పొరలు, గొట్టములు కూడ దీనివలన ఉబ్బి గట్టిపడుచున్నవి. అట్టివానిని మార్చుటయే మార్గము.

రెండు స్ట్రోకుల ఇంజనులకు ఆయిలు పాలు యంత్రముతో వచ్చిన పుస్తకములో ఉన్నట్లే కలుపవలెను. 25 కి 1 అన్న చోట లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50 కి 1 అన్న చోట 20 మిల్లీలీటర్లు. రెండు స్ట్రోకుల ఇంజనుల కొరకు తయారైన ఆయిలునే వాడవలెను. చేతి అంచనా పనికిరాదు. మంచిదని ఆయిలు మరికొంత పోసిన యెడల ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమము పలుచబడునని చాలమందికి తోచదు. రెండు వారముల పనికి సరిపడునంతకంటె ఎక్కువ కలిపి ఉంచుకొనరాదు.

అద్దె యంత్రములు

యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములలో ఒకే స్ప్రేయరు వారమునకు నలుగురి చేతులు మారును. నలుగురును నాలుగు విధముల స్క్రూ త్రిప్పుదురు. గ్రామ వ్యవసాయ సహాయకులు, కేంద్రము నడుపువారు ప్రతి యంత్రమునకు ఒక చిన్న రేకు కట్టి, దానిపై ఆయిలు పాలు, పెద్ద జెట్టు నంబరు, స్క్రూ ఎన్ని చుట్లు వదులుగా ఉండవలెనో పెయింటుతో వ్రాయించిన మంచిది. తిరిగి వచ్చిన యంత్రమును ఆ లెక్కతో సరిచూచుట రెండు నిమిషముల పని. పెట్రోలు ఖర్చును కూడ ఇట్లే కొలువవచ్చును. ఖాళీ ట్యాంకులో సరిగా ఒక లీటరు పోసి ఎన్ని ట్యాంకుల మందు చల్లబడినదో నమోదు చేయవలెను. ఆ సంఖ్య క్రమముగా పడిపోవుచున్న యెడల ముందుగా ఫిల్టరును చూడవలెను.

సరిచేయు పనిని ఆరుబయట చేయవలెను. మూసిన కొట్టములో నడచు ఇంజను పొగలోని విషవాయువునకు రంగు, వాసన లేవు. ప్రాణము పోవువరకు తెలియదు. గిన్నె విప్పునప్పుడు దగ్గర బీడీ, పొయ్యి ఉండరాదు. పెట్రోలు గొట్టమును నోటితో పీల్చుట అలవాటుగా నున్నది. ఊపిరితిత్తులలోనికి పోయిన పెట్రోలు చుక్కలు చాలును, ఆసుపత్రికి పోవలసి వచ్చును.

జీడిపిక్కల ఏరుడు ముగిసిన తరువాత స్ప్రేయరు మరల చిగురు కాలము వరకు నెలల తరబడి మూలన ఉండును. గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరియై పోయి, జిగురు వంటి వార్నీషు జెట్టు రంధ్రమున గట్టిపడును. మొదట చెప్పిన ఆ ఉదయమున త్రాడు లాగి లాగి చేతులు నొప్పి పుట్టుటకు చాలమట్టుకు కారణమిదే. మూలన పెట్టుటకు ముందు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలినది అయిపోయి ఇంజను తనంత తాను ఆగువరకు నడిపి, గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి చివరి చుక్కలను దింపి, ప్లగ్గు రంధ్రమున చెంచాలో పావు వంతు ఆయిలు పోసి, త్రాడును రెండు మారులు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించవలెను. నవంబరు మొదటి వారములో, అనగా మందు పని ఇంకను మొదలు కాకమునుపే, కొత్త పెట్రోలు పోసి ఒక పర్యాయము నడిపి చూచిన యెడల, పొర గాని జెట్టు గాని మార్చవలసియున్నచో నర్సీపట్నము పోయి తెచ్చుకొనుటకు వ్యవధి యుండును.